పుస్తకాల పడవ గంట

ఆవిడ మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో మాట రాలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచీలోంచి ఎర్రగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ ఒకటి తీసి, ఎక్కడ పేలుతుందో అన్నంత భయంగా టేబుల్ మీద పెట్టింది.

"గంట పోయిందండి," అంది. "గంట ఉండాల్సిన చోట ఇదుందండి." ఆ తర్వాత ఇంక ఆపుకోలేక ఏడ్చేసింది.

అమలాపురం గడియార స్తంభానికి కాస్త ఇవతల, మందుల షాపు మీద రెండు గదుల్లో ఉంది భవానీదేవి ఆఫీసు. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసి, పై అధికారులతో పడక మానేసి, సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆవిడ. యాభై దాటాయి. మాట తక్కువ. ఆవిడ దగ్గర అసిస్టెంటు హేమంత్. భవానీదేవి తుమ్మినా అందులో ఏదో సూచన ఉంటుందని నమ్మే రకం. అతని భక్తి ఆవిడకి ఒక్కోసారి పనికొచ్చేది, ఎక్కువసార్లు విసుగు పుట్టించేది.

మంచినీళ్ళు తాగాక వచ్చినావిడ తేరుకుంది. పేరు ప్రసన్నకుమారి. రాజోలు దారిలో కాలువ పక్కనుండే చిన్న ఊరు వెలగలమెరకలో, కమిటీ నడిపే గ్రంథాలయం చూసుకుంటుంది.

"మా లైబ్రరీకి వందేళ్ళు నిండేయండి. శనివారం సాయంత్రం పండగ. మొదట్లో మాది బిల్డింగు కాదండి, పడవ. కాలువల వెంట పుస్తకాలేసుకుని లంకలన్నీ తిరిగేదంట. ప్రతి రేవులోనూ గంట కొట్టేవారంట. గంట వినపడితే జనం పరిగెత్తుకొచ్చి పుస్తకాలు మార్చుకునేవారంట. పడవెప్పుడో పోయిందండి. గంటొక్కటే మిగిలింది. నా టేబుల్ మీద దూలానికి కొక్కెం ఉంది, దానికి వేలాడతా ఉంటది."

"రోజూ కొడతారా?"

"లైబ్రరీలో గంటేంటండి! గోడంతా నిశ్శబ్దం, నిశ్శబ్దం అని రాసుంటే. నేను చేరిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా మోగలేదండి. దాని నాలిక్కి గుడ్డ చుట్టేసి ఉంచుతాం, పిల్లలెవరైనా మోగిస్తారేమోనని."

"మరి శనివారం?"

"వీరాయమ్మగారని, పెద్దావిడ. చిన్నప్పుడు ఆ పడవ దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ఆవిడొక్కరే ఉన్నారండి ఇప్పుడు. ఐ.పోలవరం అవతలెక్కడో ఇచ్చేరు, ఇటొచ్చి ఎన్నేళ్ళయ్యిందోనండి. ఆవిడ చేత కొట్టిద్దామని మొన్న ఆదివారం కమిటీలో అనుకున్నాం. సోమవారం గంట మెరుగు పెట్టించి, ఎర్రగుడ్డ చుట్టేశాం, పండగరోజే విప్పాలని."

"పోయిందని ఎలా తెలిసింది?"

"ఊగిందండి." ప్రసన్నకుమారి కళ్ళు పెద్దవి చేసింది. "ఇవాళ పొద్దున్న ఫ్యాను వేస్తే మూట ఊగింది. అంత బరువైన గంట ఏనాడైనా ఫ్యాను గాలికి ఊగిందా? కుర్చీ ఎక్కి విప్పేను. ఈ కాయ."

ఆపైన జరిగింది వేరే చెప్పనక్కర్లేదు. తాళంచెవి ఉన్నది ఆవిడ దగ్గర. తాళం పగల్లేదు, కిటికీ విరగలేదు. కమిటీ ప్రెసిడెంటు సూర్యారావు అందరి ముందూ తాళంచెవి లాక్కున్నాడు. శనివారం మీటింగు లోపల గంట రాకపోతే స్టేషన్లో ఆవిడ పేరు రాసిస్తానన్నాడు.

"ఉద్యోగం పోతే పోనివ్వండి," అంది ప్రసన్నకుమారి. "మా అమ్మాయి ఆ ఊరి బళ్ళోనే చదువుతుంది. రేపట్నుంచి దాన్ని దొంగదాని కూతురంటారండి. అది నేను పడలేను."

భవానీదేవి కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపింది. లోపల ఏదో గుండులాంటిది అటూ ఇటూ దొర్లింది.

"కురిడీ," అన్నాడు హేమంత్ వెంటనే. కోనసీమలో పుట్టినవాడెవడైనా ఆ మాటే అంటాడు. పండిన కాయల్ని పీచుతో సహా అటకెక్కించి ఏడాది పాటు అలా వదిలేస్తారు. లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి చిప్పకు విడిపోయి ఉండలా కదులుతుంది.

"అడుగేస్తే పచ్చికాయ కాలికి తగిలే ఊళ్ళో, ఎవడైనా పనిగట్టుకుని అటకెక్కి కురిడీ తెచ్చి కడతాడా?" అంది భవానీదేవి.

ఆ ప్రశ్నకు జవాబుందని హేమంత్‌కి అనిపించింది. ఏమిటో మాత్రం తట్టలేదు.

* * *

శుక్రవారం పొద్దున్న వాళ్ళు వెలగలమెరక చేరేసరికి ఊళ్ళో కేసు అప్పటికే తేలిపోయి ఉంది. ఒకటి కాదు, మూడు రకాలుగా. టీ దుకాణం దగ్గరివాళ్ళు ప్రసన్నకుమారి కంచు అమ్ముకుందన్నారు. రేవు దగ్గరివాళ్ళు ఎర్రగుడ్డలో కాయ కట్టారంటే అది చేతబడేనని, గంట సంగతి వేరని తేల్చారు. కురిడీ అటక ఊరి మొత్తానికి సూర్యారావు ఇంట్లో ఒక్కచోటే ఉంది కాబట్టి ఆయనే చేయించుంటాడని మిగిలినవాళ్ళు గుసగుసలాడుతున్నారు. ఎందుకు చేయిస్తాడంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. హేమంత్ మూడూ నమ్మాడు, ఒకదాని తర్వాత ఒకటి.

సూర్యారావు ఇల్లు ఊళ్ళో అన్నిటికన్నా మెరక మీద ఉంది. ఆయన మర్యాదకేం లోటు చెయ్యలేదు. పూతరేకులు పెట్టించాడు, కాఫీ ఇప్పించాడు, ఆ తర్వాత గొంతు పెంచాడు.

"ఆ పడవిచ్చింది మా తాతగారండి. గంట కొన్నది మా తాతగారు. శనివారం దాని కింద ఆయన పేరుతో ఇత్తడి రేకు పెట్టిద్దామని నేననుకుంటే, జాషువా మాస్టారేమో పుస్తకంలో పడవ నడిపినాయనే అసలు వ్యవస్థాపకుడని రాస్తున్నారు. ఆ నడిపినాయన వాళ్ళ తాత. ఇదన్యాయం కాదాండి?"

"పుస్తకమా?"

"పండగకి లైబ్రరీ చరిత్ర వేస్తున్నాం. రాసేది రిటైరైన హెడ్మాస్టారు కదాని ఒప్పుకున్నాం. పాత సామానేదైనా ఉంటే చూస్కోండని నా అటక కూడా ఆయనకొదిలేశాను. సంచీతో వస్తారు, సంచీతో వెళ్తారు. చివరికి మా తాతకే ఎసరు పెట్టేరు."

అటక చూస్తానంది భవానీదేవి. నిచ్చెనెక్కితే పైన కురిడీ రాశి చూరు దాకా ఉంది. ఓ మూల పాత సామాను: విరిగిన బల్ల, తుప్పు పట్టిన లాంతర్లు, తెడ్డు. అన్నిటిమీదా వేలెడు దుమ్ము. వాటి మధ్య వంపు తిరిగిన ఇనప కొక్కెం ఒకటుంది. దాని మీద దుమ్ము లేదు. ఎవరో శుభ్రంగా తుడిచారు.

"ఇదేమిటండీ?"

కింద నుంచి సూర్యారావు అరిచాడు. "అదా? పడవ ముందు భాగాన గంట తగిలించే కొక్కెమండి. పడవ విప్పేసినప్పుడు మా నాన్నగారు తెచ్చి పడేసేరు."

"ఈ అటకెక్కేవాళ్ళు ఎక్కువేనా?"

"కాయ దించేటప్పుడు కూలీలు, ఇప్పుడు మాస్టారు. ఎనభై ఆరు వరదకైతే ఊరు ఊరంతా ఎక్కింది. మెరక మాదే కదండి. లైబ్రరీ సామాను, బడి సామాను, చర్చి సామాను, పుస్తకాలు, బల్లలు, గంటలు, ఏది దొరికితే అది ఆ రాత్రికి ఇక్కడికే ఎక్కించేరు. నీళ్ళు తీశాక బురద కడిగి ఎవరివి వాళ్ళకి పంపించేశాం. ఒక్క చెంచా పోలేదు తెలుసాండి!"

హేమంత్ ఈ మాటల్ని పెద్దగా పట్టించుకోలేదు. వరద కబుర్లు ఆ సీమలో ఏ ఇంట్లోనైనా కాఫీతో పాటు వస్తాయి.

గ్రంథాలయం తలుపు సూర్యారావే వచ్చి తీశాడు. ఆ వెనకే జాషువా మాస్టారు చంకలో సంచీతో వచ్చి, చదివే బల్ల దగ్గర తన మామూలు చోట కూర్చున్నారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. చర్చిలో సంఘ పెద్ద కూడా ఆయనే.

"రోజూ ఇక్కడే రాసుకుంటారా మాస్టారూ?"

"ఆయ్. మధ్యాహ్నం ప్రసన్న వెనకగదిలో అన్నం తింటుంటే నేనే కాపలా." నవ్వబోయి మానేశారు. "గంట పోతే పోయిందండి. చరిత్ర ఎక్కడికి పోతుంది? ఆ పడవ గొప్పతనం మీకు తెలీదు. మా తాతకి ఈ ఊళ్ళో ఏ అరుగూ ఎక్కే వీల్లేదు. కానీ పడవకి గుమ్మం ఉండదు కదా! రేవులో నిలబడి చెయ్యి చాపితే ఎవరి చేతికైనా పుస్తకం వచ్చేది. తెడ్డేస్తూ, గంట కొడుతూ, ఆ పుస్తకాల్లోనే ఆయన అక్షరాలు నేర్చుకున్నాడు. పంతులయ్యాడు. నేను పంతుల్నయ్యాను."

"ప్రసన్నకుమారి మీ దగ్గరే చదివిందట."

"చాలా మంచిపిల్ల."

"రేపు సాయంత్రం ఆ మంచిపిల్ల పేరు స్టేషన్లో రాసిస్తారట, తెలుసా?"

మాస్టారు కలానికి మూత పెట్టేశారు. సూర్యారావు వైపు చూశారు. "అంత పని చెయ్యరు కదండీ మీరు?"

"ఎందుకు చెయ్యనండి? తాళంచెవి ఆవిడ దగ్గరుంది కదా," అన్నాడు సూర్యారావు.

మాస్టారు తల దించుకుని రాయడం మొదలెట్టారు. కలానికి మూత తియ్యలేదన్న సంగతి చాలాసేపటి దాకా గమనించలేదు. మాస్టారే తాత మీద ప్రేమతో గంట ఎత్తుకుపోయి ఉంటారని బయటికొచ్చాక హేమంత్ కొత్త లెక్క వేశాడు.

"తాత పేరు నిలబెట్టాలనుకునేవాడు తాత గంట ఎందుకు దాస్తాడు? పదిమందికీ చూపించుకోవాలి కానీ," అంది భవానీదేవి. దాంతో ఆ లెక్కా పోయింది.

వీరాయమ్మ కాలువ గట్టు మీద మనవడి ఇంటి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. తొంభై దాటిన మనిషి. చూపు మందగించింది కానీ చెవులు చురుకు.

"పడవ గంట గుర్తుందా మామ్మగారూ?"

"గుర్తేంటమ్మా! అది మోగితే మా అమ్మ అన్నం ముందు కూర్చున్నదాన్ని లేపేసేది, ఎల్లు ఎల్లు, పడవ దాటిపోద్దని. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వినపడుద్ది. మోగాక చివర్న చిన్నగా వొణుకుద్ది సూడూ, అట్టా ఇంకే గంటా వొణకదు. రేపు కొట్టనీ, అదో కాదో చెప్పేత్తాను." ఆవిడ కాసేపాగి అంది: "అయినా ఇదేం ఊరమ్మా? మంగళారం వొచ్చేను. ఒక్కపూటైనా చర్చి గంట మోగలేదు. మా ఊళ్ళో అయితే తెల్లారగట్ల దాంతోనే లేత్తాను. ఇక్కడ పొద్దెక్కేదాకా తొంగునే ఉంటన్నాను, సిగ్గుచేటు."

భవానీదేవి లేచి నిలబడింది. ఆవిడ మొహంలోకి అంత వెలుగు రావడం హేమంత్ అంతకుముందు ఒకటి రెండుసార్లే చూశాడు. ఎందుకొచ్చిందో అతనికి తెలియలేదు. అడిగితే చెప్పదు.

చర్చి అక్కడికి దగ్గరే. దాన్ని చూసుకునే జోజి చీపురు పక్కన పెట్టి వచ్చాడు.

"తాడు తెగిందన్నారండి మాస్టారు. మంగళవారం పొద్దున్నే తెగినదాన్ని ఆయనే పట్టుకెళ్ళేరు. ఆదివారానికి కొత్త మోకు తెస్తానన్నారు. తెగినప్పుడు నేను లేనండి."

భవానీదేవి పైకి చూసింది. గంటకు మిగిలిన తాడు ముక్క వేలాడుతోంది. కుచ్చులుగా చీలిపోలేదు. దాని చివర కత్తిపెట్టి కోసిన కొబ్బరి ముక్కంత నున్నగా ఉంది.

"మంచి గంటేనా జోజీ?"

"శానా మంచి గొంతండి. మా నాన్న కూడా ఇక్కడే చేసేడు. వరదకి ముందు దీని గొంతు వేరేగా, బొంగురుగా ఉండేదంట. వరద నీళ్ళు తాగి గొంతు బాగయ్యిందని నవ్వేవోడు. దేవుడి మహిమనేవారు పెద్దోళ్ళు."

తిరుగు ప్రయాణంలో హేమంత్ స్కూటర్ నడుపుతూనే బుర్ర గోక్కున్నాడు. గంట పోయింది గ్రంథాలయంలో. తాడు తెగింది చర్చిలో. కాయ వచ్చింది సూర్యారావు అటక నుంచి. మూడింటికీ ఏమిటి సంబంధం?

"మేడమ్, నాకేమీ అర్థం కావట్లేదు."

"ఆ మాట నువ్వు ఒప్పుకున్నావు. ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు, అంతే తేడా," అంది భవానీదేవి.

* * *

శనివారం పొద్దున్న గ్రంథాలయం వరండాలో అందరూ కూర్చున్నారు. లోపల తాళం వేసే ఉంది, తాళంచెవి సూర్యారావు జేబులో ఉంది. ప్రసన్నకుమారి స్తంభం పక్కన విడిగా నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. మాస్టారు ఒక చివర, జోజి మెట్ల మీద. వీరాయమ్మని మనవడు ఇంకొకరి సాయంతో మంచంతో సహా మోసుకొచ్చి దించాడు. రోడ్డు మీద ఊరు సగం నిలబడి ఉంది. హేమంత్ కాళ్ళ దగ్గర గోనెసంచి ఉంది. దాంట్లో ఏముందో అతనికి తెలుసు, ఎందుకుందో తెలియదు. తెల్లారగానే భవానీదేవి అతన్ని సూర్యారావుతో పాటు అటకెక్కించి కురిడీ రాశి తవ్వించింది.

"ముందుగా ఒక మాట," అంది భవానీదేవి. "ఇది కంచు కోసం చేసిన దొంగతనం కాదు. కంచు కావాల్సినవాడు గంట పట్టుకుని పోతాడు. మూటలో కాయ పెట్టి మళ్ళీ కట్టడు. ఇలా కట్టినవాడికి కావాల్సింది ఒకటే. శనివారం మూట విప్పేదాకా ఎవరికీ తెలియకూడదు, విప్పాక గంట ఉండకూడదు. అంటే వాడికి గంటతో పనిలేదు, అది మోగకుండా ఉంటే చాలు."

"మోగితే ఏమవుద్దండి?" అన్నాడు సూర్యారావు.

"వీరాయమ్మగారు వింటారు. అది పడవ గంట కాదని చెప్పేస్తారు."

వరండా అంతా కలకలం రేగింది. సూర్యారావు కుర్చీలోంచి లేచాడు. "కాదా! వందేళ్ళ నుంచి ఇక్కడే ఉంది కదండి!"

"ఎనభై ఆరు వరద దాకా ఉంది. ఆ రాత్రి లైబ్రరీ గంట, చర్చి గంట రెండూ మీ అటకెక్కాయి. రెండూ ఒకే కొలత, రెండిటికీ నిండా బురద. నీళ్ళు తీశాక కడిగి ఎవరివి వాళ్ళకి పంపామన్నారు. చెంచాలు సరిగ్గానే చేరుంటాయి. గంటలు మారిపోయాయి. లైబ్రరీలో గంట కొట్టే అలవాటు లేదు కాబట్టి మీరెవరూ కనిపెట్టలేదు. చర్చిలో కనిపెట్టారు, కానీ నీళ్ళు తాగి గొంతు బాగయ్యిందనుకున్నారు."

జోజి మెట్ల మీంచి లేచి చర్చి వైపు చూశాడు.

హేమంత్ సంచీలోంచి మెరుగు పెట్టిన గంట తీశాడు. దాన్ని చూసి ప్రసన్నకుమారి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద కేకలు. భవానీదేవి అదే సంచీలోంచి ఇనప కొక్కెం అందుకుని గంట పైనున్న కడియంలోకి దూర్చబోయింది. దూరలేదు. ఎటు తిప్పినా కడియం ఇరుకు, కొక్కెం లావు.

"ఈ గంట సూర్యారావుగారి అటక మీద కురిడీ రాశిలో దొరికింది. ఈ కొక్కెం పడవది. ఈ గంట ఏనాడూ ఆ పడవకి తగిలించలేదు. దుమ్ములో పడున్న కొక్కేన్ని నాకన్నా ముందు ఒకరు తుడిచి చూశారు. ఇక్కడ దూర్చి చూశారు, దూరలేదు. చర్చి గంట దగ్గరికెళ్ళి చూశారు, సరిపోయింది. ఆయనకి అంతా అర్థమైంది. అయినా లైబ్రరీ గంట ఎలాగూ మోగదు కదాని ఊరుకున్నారు. ఆదివారం కమిటీలో వీరాయమ్మగారి చేత కొట్టిస్తామన్నారు. అక్కడ భయం పట్టుకుంది. ఆవిడ ఊళ్ళోకొచ్చే రోజు పొద్దున్నే చర్చి గంట తాడు తెగింది. తెగలేదు, కోశారు. చర్చిలో ఉన్న పడవ గంట ఆవిడ వినకూడదు. ఈ గంటా వినకూడదు."

"కాయ సంగతేంటి మేడమ్?" అన్నాడు హేమంత్, తనే జవాబు కనిపెట్టబోయేవాడిలా.

"ఆయనకి తోటలేదు, కాయా లేదు. ఎక్కడ పడితే అక్కడ కాయ ఏరితే పదిమందీ చూస్తారు. సంచీతో అటకెక్కితే ఎవరూ అడగరు. మధ్యాహ్నం ప్రసన్నకుమారి అన్నం తినేవేళ మూట మార్చారు. గంటని ఇంట్లో పెట్టుకోలేదు, కాలువలో పారెయ్యలేదు. ఏ రాశిలోంచి కాయ తెచ్చారో ఆ రాశిలోనే గంట పెట్టారు. దొంగబుద్ధి ఉన్నవాడు అలా చెయ్యడు. ఆయన..."

"అక్కడితో చాలమ్మా," అన్నారు జాషువా మాస్టారు. లేచి నిలబడ్డారు. "మిగతాది నేను చెప్పుకోవాలి."

సంచీ తీసి కుర్చీలో పెట్టారు.

"కాయలు దించే రోజుల్లో ఎలాగూ బయటపడుతుంది, అప్పటికి పండగ అయిపోతుంది, అందరూ మర్చిపోతారు అనుకున్నాను. తాళంచెవి సంగతి నాకు తట్టలేదు. స్టేషన్ దాకా పోతుందని నిన్ననే తెలిసింది. రాత్రంతా చెప్పాలనే అనుకున్నాను, నోరు రాలేదు." ఆయన సూర్యారావు వైపు తిరిగారు. "మీ తాతగారు కొన్న గంట, మా తాత మోగించిన గంట, ఇన్నేళ్ళూ మా నెత్తిమీదే మోగింది. నా పిల్లల బాప్తిస్మాలకి మోగింది. మా ఇంటావిణ్ణి తీసుకెళ్ళిన రోజున మోగింది. సంగతి తెలిస్తే మీరు పట్టుకెళ్ళి ఇక్కడ ఇత్తడి రేకు పెట్టి వేలాడదీస్తారు, నాలిక్కి గుడ్డ చుడతారు. ఇంక మోగదు. అది నేను భరించలేకపోయానండి."

 మాస్టారు స్తంభం దగ్గరికెళ్ళి ప్రసన్నకుమారికి చేతులు జోడించారు.

"నన్ను క్షమించమ్మా."

ఆవిడ ఆ చేతులు పట్టుకోలేదు. "మీరు బల్ల దగ్గర ఉన్నారనే కదా మాస్టారూ, నేను ధైర్యంగా అన్నం తినడానికెళ్ళేదాన్ని," అంది. "గంట గురించి అంత ఆలోచించేరు. నా గురించి ఒక్క పూట ఆలోచించలేదు." హేమంత్‌కి ఆ ముసలాయన మీద జాలి, కోపం రెండూ ఒకేసారి కలిగాయి. ఏది ముందో తేల్చుకోలేకపోయాడు.

"ఇప్పుడు ఏ గంట ఎవరిదండి?" ఎవరో రోడ్డు మీంచి అడిగారు. ఊళ్ళో తలలన్నీ సూర్యారావు వైపు తిరిగాయి.

"నిజానికి నేను చెప్పిందంతా కొక్కెం సాక్ష్యమే," అంది భవానీదేవి. "విన్న మనిషి చెప్పాలి. జోజీ, కొత్త మోకు వచ్చిందా?"

"ఆయ్, వచ్చిందండి."

"కొట్టు."

జోజి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తల ఊపారు. జోజి పరుగెత్తాడు. ఊరంతా అలాగే నిలబడింది. కాలువ మీద బాతులు తప్ప ఇంకేదీ చప్పుడు చెయ్యలేదు.

గంట మోగింది. అందరూ చిన్నప్పటి నుంచీ వింటున్న గంటే. తెల్లారగట్ల నిద్రలో, పెళ్ళిళ్ళలో, చావుల్లో విన్నదే. అయినా ఆ రోజు ఊరు దాన్ని కొత్తగా విన్నది. చివర్న ఎక్కడో సన్నగా వణికింది.

మంచం మీద వీరాయమ్మ చటుక్కున లేచింది. మనవడు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. వరండా మెట్లు దిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఎదురుగా ఉన్న కాలువ వైపు గబగబా నడిచింది. గట్టు అంచున ఆగి, మసక కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళకేసి చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత తన ఖాళీ చేతుల వైపు చూసుకుంది.

"అయ్యో, పడవొచ్చేసింది," అంది భయంగా. "పోయినసారి తీసుకున్న పుస్తకం తేలేదే! ఇప్పుడేం సెయ్యనూ? ఇంకోటి ఇయ్యరు కదా!"

 ప్రసన్నకుమారి ఒక్కతే కదిలింది. గట్టు దాకా వెళ్ళి పెద్దావిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"పర్లేదు మామ్మగారూ. మళ్ళీ వచ్చినప్పుడు తెద్దురుగాని. రండి, ఇంకో పుస్తకం ఇస్తాను."

"నిజంగానా? కోప్పడరూ?"

"కోప్పడనండి."

ఇద్దరూ మెల్లగా మెట్లెక్కి వచ్చారు. గ్రంథాలయం తలుపు ముందు ప్రసన్నకుమారి ఆగింది. తాళం వేసి ఉంది. ఆవిడ ఎవరినీ అడగలేదు, ఎవరి వైపూ చూడలేదు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని అలా నిలబడింది.

సూర్యారావు దగ్గరికొచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తను తియ్యకుండా, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఆ గంట అక్కడే మోగనివ్వండి మాస్టారూ," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "నిన్నైతే పీకించేసేవాణ్ణే. అమ్మా ప్రసన్నా, తప్పు నాది."

ప్రసన్నకుమారి తల మాత్రం ఊపింది. తాళం తీసి, పెద్దావిణ్ణి ముందు లోపలికి నడిపించి, లైటు వేసింది.